ఆపే అధికారం ఎవరికుండాలి? తెలుగు చట్టసభల్లో ఏడు దశాబ్దాల పేచీ

చట్టసభలో సంఖ్య తక్కువగా ఉన్న పక్షానికి ఎంతవరకు ఆపే అధికారం ఉండాలి? ఈ ప్రశ్న మీద తెలుగు రాజకీయాల్లో నడుస్తున్న వాదనలు వింటే ఎవరు ఏ సూత్రానికి కట్టుబడ్డారో పోల్చుకోవడం కష్టం. ఫిరాయించిన ఎమ్మెల్యేల మీద వేటు వేయాలని బీఆర్ఎస్ అడుగుతోంది. అదే పార్టీ అధికారంలో ఉండగా ప్రతిపక్షాల శాసనసభాపక్షాలను తనలో కలిపేసుకుంది. తన బిల్లులను శాసనమండలి ఆపిందని 2020లో మండలినే రద్దు చేయాలని తీర్మానించిన వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో 175 సీట్లకు 11 మాత్రమే మిగిలాక ప్రతిపక్ష నేత హోదా కోసం హైకోర్టు మెట్లెక్కింది. జనాభా ప్రకారం లోక్‌సభ సీట్లు పంచితే దక్షిణాది గొంతు తగ్గిపోతుందని హైదరాబాద్, చెన్నై కలిసి వాదిస్తున్నాయి. ఒకప్పుడు తెలంగాణ నాయకులు ఆంధ్ర నాయకుల ముందు పెట్టిన వాదనే అది.

వాదం ఇంత చిక్కుపడినప్పుడు వెనక్కి వెళ్లి ముడులు ఎక్కడెక్కడ పడ్డాయో చూడటం అవసరం.

వరంగల్‌లో రాజుకున్న సంగతి

రెండు ప్రాంతాలూ ఒకే అసెంబ్లీలో కూర్చోకముందే భయం మొదలైంది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో తొలి ఎన్నికైన ప్రభుత్వం ఏర్పడింది. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. ఆ ఏడాదే వరంగల్, హన్మకొండ విద్యార్థులు రోడ్డెక్కారు. స్థానికుల కోసం ఉంచిన ఉపాధ్యాయ ఉద్యోగాల్లో దొంగ ముల్కీ (స్థానికత) సర్టిఫికెట్లతో బయటివాళ్లు చేరుతున్నారన్నది ఫిర్యాదు. వరంగల్‌లో అంటుకున్న ఆందోళన హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు.

ఈ ఘటనను ఉద్యోగాల గొడవగానే చెప్పుకోవడం అలవాటైపోయింది. అందులో రాజ్యాంగ ప్రశ్న కూడా ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో సొంత అసెంబ్లీ ఉండగానే నియమాలు అమలు కాలేదు. రేపు ఇంకో పెద్ద ప్రాంతంతో కలిసిన సభలో అవి ఎవరి చేత అమలవుతాయి? రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం 1953లో వేసిన ఫజల్ అలీ సంఘానికి వెళ్లిన అభ్యంతరాల్లో ఈ ప్రశ్నే గట్టిగా వినిపించింది.

మూడింట రెండొంతుల షరతు

ఫజల్ అలీ సంఘం 1955లో ఇచ్చిన నివేదికలో తెలంగాణ జిల్లాలతో హైదరాబాద్ రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగా ఉంచమంది. 1961 నాటికి జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపొచ్చంది. ఏడు దశాబ్దాల ఈ కథలో చిన్న పక్షానికి దక్కబోయిన అసలైన ఆపే అధికారం ఇదొక్కటే. కలవాలా వద్దా అన్నది కలవబోయేవాళ్లలో తక్కువమంది ఉన్నవాళ్లే, అదీ తమలో తాము పెద్ద మెజారిటీతో, తేల్చుకునేవాళ్లు.

ఆ షరతు అమలు కాలేదు. 1955 నవంబరు చివర, డిసెంబరు మొదట్లో హైదరాబాద్ అసెంబ్లీలో చర్చ జరిగింది. 174 మంది సభ్యుల్లో 147 మంది అభిప్రాయం చెప్పారు. 103 మంది విలీనానికి సరే అన్నారు, 29 మంది వద్దన్నారు. ఇక్కడ రెండు వర్గాలూ తమ తమ లెక్క చెబుతాయి. ఆ 103లో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ ఉన్నారు కదా, వాళ్లు ఎలాగూ వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయేవాళ్లే కదా అంటారు తెలంగాణవాదులు. తెలంగాణ సభ్యులను మాత్రమే లెక్కేసినా 59 మంది అనుకూలం, 25 మందే వ్యతిరేకం అంటారు సమైక్యవాదులు. రెండూ నిజమే. కానీ సంఘం అడిగింది 1961 నాటి ఎన్నికల్లో నెగ్గి వచ్చే సభను. 1955లో మాట్లాడిన సభ అది కాదు. ఆ తేడాను పక్కనపెట్టి లెక్కలు చెప్పుకోవడం వల్ల వాదం ఎప్పటికీ తెగదు.

షరతుకు బదులు హామీలు వచ్చాయి. 1955 నవంబరు 25న ఆంధ్ర అసెంబ్లీ తెలంగాణకు రక్షణలు ఇస్తామని తీర్మానించింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు సంతకాలు చేశారు. తెలంగాణ వైపు బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు చేశారు. మంత్రివర్గంలో 60:40 నిష్పత్తి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, అన్నింటికీ కాపలాగా ప్రాంతీయ సంఘం. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి పదవి లేకుండా పోయింది. ముఖ్యమంత్రి అయిన సంజీవరెడ్డి దాన్ని ఆరో వేలుతో పోల్చారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రాంతీయ సంఘం ఎలా పనిచేసేది?

ఈ సంస్థ గురించి తక్కువ మాట్లాడుకుంటాం. నిజానికి భారత చట్టసభల చరిత్రలో ఇది అరుదైన ప్రయోగం. రాజ్యాంగం 371వ అధికరణం కింద 1958 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. తెలంగాణ ఎమ్మెల్యేలంతా, ఏ పార్టీ వారైనా, ఇందులో సభ్యులు. స్థానిక సంస్థలు, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య, విద్యాసంస్థల్లో ప్రవేశాలు, మద్యనిషేధం, వ్యవసాయ భూముల అమ్మకం, కుటీర పరిశ్రమలు, సహకార సంఘాలు, మార్కెట్ల వంటివి దీని పరిధిలోకి వచ్చేవి. ఈ అంశాల మీద బిల్లు సభలో పెడితే సంఘానికి పంపాలి. సంఘం సలహాను ప్రభుత్వం, సభ మామూలుగా పాటించాలి. కుదరకపోతే గవర్నర్‌కు పంపాలి. ఆయన మాటే ఆఖరు.

అంటే మెజారిటీకీ మైనారిటీకీ తగువు వస్తే ఇద్దరిలో ఎవరూ తీర్పరి కారు. కాగితం మీద ఇది చాలా మంచి అమరిక. కె. అచ్యుతరెడ్డి, వరంగల్ నాయకుడు టి. హయగ్రీవాచారి, జె. చొక్కారావు, కోదాటి రాజమల్లు వంటివారు దీనికి అధ్యక్షులుగా పనిచేశారు.

లోపం ఎక్కడుంది? ఒకటి, డబ్బు సంఘం చేతిలో లేదు. మిగులు నిధులు ఎంతో తేల్చడానికే 1969లో ఒకదాని తర్వాత ఒకటిగా లలిత్‌కుమార్, భార్గవ కమిటీలు వేయాల్సి వచ్చింది. వాటి లెక్కలు కలవలేదు. రెండు, సంఘం బిల్లులను చూడగలదు కానీ జీవోలను కాదు. నియామకాలు, బదిలీలు, నిధుల మళ్లింపు జరిగేవి సచివాలయంలో, అసెంబ్లీలో కాదు. ఇల్లు కాపలా కాయమని చెప్పి వాకిలి తాళంచెవి ఒక్కటే ఇచ్చి, దొడ్డి తలుపు తెరిచి ఉంచినట్టయింది.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఈ ఖాళీలోంచే వచ్చింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పది సీట్లు గెలిచింది. వరంగల్‌లో ఎస్.బి. గిరి ఆ పార్టీ అభ్యర్థిగానే నెగ్గారు. ఆ సెప్టెంబరులోనే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బదులుగా ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు.

1972: మెజారిటీ రోడ్డెక్కిన ఏడాది

పీవీ హయాంలో జరిగినదాన్ని ఈ వాదంలో ఎవరూ తగినంత పట్టించుకోలేదనిపిస్తుంది. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మైనారిటీ రక్షణకు కోర్టు బలం వచ్చింది. దాంతో సభలో మెజారిటీ ఉన్న ప్రాంతమే జై ఆంధ్ర అంటూ విడిపోతామంది. ఆంధ్ర ప్రాంత మంత్రులు రాజీనామాలు చేశారు. 1973 జనవరిలో పీవీ దిగిపోయారు. రాష్ట్రపతి పాలన వచ్చింది.

రాజీనామా, బంద్, విడిపోతామన్న హెచ్చరిక చిన్న పక్షాల ఆయుధాలని మనం అనుకుంటాం. ఓట్లతో నెగ్గగలిగినవాళ్లు కూడా కోర్టు తీర్పుతో నెగ్గలేనప్పుడు వాటినే పట్టుకుంటారని ఆ ఏడాది చూపించింది.

1973 సెప్టెంబరు 21న వచ్చిన ఆరు సూత్రాల పథకం ముల్కీ నిబంధనలతోపాటు ప్రాంతీయ సంఘాన్నీ ఎత్తేసింది. 32వ సవరణతో, ఉద్యోగాలు, చదువుల్లో స్థానికులకు రక్షణగా 371-డి అధికరణం వచ్చింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా విడగొట్టింది. ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మంతోపాటు వరంగల్ ఐదో జోన్. రక్షణ అసెంబ్లీలోంచి రాజ్యాంగంలోకి, రాజకీయ చర్చలోంచి ఉద్యోగుల సర్వీసు ఫైళ్లలోకి మారింది. ఉల్లంఘనలను సరిదిద్దమని 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చారు. 2001లో దాని అమలుపై గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చిందంటే ఫైళ్లలోని రక్షణకు సభలో అడిగే నాథుడు లేకుండా పోయాడని అర్థం.

రాజీనామాల దశ

ప్రాంతీయ సంఘం పోయాక తెలంగాణ సభ్యులకు మిగిలింది సభ బయటి దారులే. 2008లో టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) తన ఎమ్మెల్యేలు, ఎంపీలతో రాజీనామా చేయించి ఉప ఎన్నికలకు వెళ్లింది. ఎదురుదెబ్బ తగిలింది. హన్మకొండ లోక్‌సభ సీటు నిలబెట్టుకుంది కానీ వరంగల్‌ను తెలుగుదేశం తరఫున ఎర్రబెల్లి దయాకర్‌రావు గెలుచుకున్నారు. రెండేళ్లకు గాలి మారింది. తెలంగాణ ఏర్పాటుపై కేంద్రం 2009 డిసెంబరు 9 ప్రకటన, 23న వెనకడుగు, ఆ తర్వాత మళ్లీ రాజీనామాలు. 2010 జూలైలో 12 స్థానాలకు జరిగిన ఉప ఎన్నికల్లో 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి దక్కాయి. వరంగల్ పశ్చిమలో దాస్యం వినయ్‌భాస్కర్ తిరిగి గెలిచారు. సభలో 294కు 119 దాటలేని ప్రాంతం ప్రతి ఉప ఎన్నికనూ రెఫరెండంగా మార్చుకుంది.

2013 డిసెంబరులో పునర్విభజన బిల్లు అసెంబ్లీకి వచ్చేసరికి పార్టీలన్నీ నిలువునా చీలిపోయాయి. కాంగ్రెస్ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి తన అధిష్ఠానం బిల్లునే తిరస్కరించమని తీర్మానం పెట్టారు. విప్‌కు అర్థం లేకుండా పోయింది. తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చాయి. రాష్ట్రపతి ఇచ్చిన గడువును వారం పొడిగించాల్సి వచ్చింది. చివరి రోజు, 2014 జనవరి 30న, స్పీకర్ నాదెండ్ల మనోహర్ ఆ తీర్మానాన్ని మూజువాణి ఓటుతో నెగ్గినట్టు ప్రకటించారు. ఆ గోలలో ఎవరు ఎటు ఓటేశారో రికార్డు లేదు. విభజన మీద రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చరిత్రలో ఇలా నమోదైంది.

ఢిల్లీలో పాత్రలు తారుమారయ్యాయి. అక్కడ సీమాంధ్ర ఎంపీలు మైనారిటీ. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మిరియాల స్ప్రే, సస్పెన్షన్లు. 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా బిల్లు ఆమోదం. 20న రాజ్యసభలో. హైదరాబాద్‌లో నోరు నొక్కారని ఒక ప్రాంతం అంది, ఢిల్లీలో నొక్కారని రెండో ప్రాంతం అంది. తెలంగాణ రావాల్సిందే అని నమ్మేవాళ్లం కూడా ఆ రెండో మాటను కొట్టిపారేయకూడదు. మూడో అధికరణం ప్రకారం పార్లమెంటుకు సాధారణ మెజారిటీ చాలు, రాష్ట్ర సభ అభిప్రాయం చెప్పగలదు కానీ ఆపలేదు. ఈసారి అది మనకు మేలు చేసింది. అదే అధికరణం రేపు మన మీద వాడితే?

మండలి: నాలుగు నెలల ఆలస్యాన్ని కూడా ఓర్చుకోని మెజారిటీ

ప్రాంతీయ చీలిక లేని చోట కూడా ఇదే తంతు. 1983లో గెలిచిన ఎన్.టి. రామారావుకు శాసనమండలిలో బలం లేదు. 1985 జూన్ 1 నుంచి మండలే లేదు. 2007లో తిరిగి వచ్చింది. విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను తెలుగుదేశం మెజారిటీ ఉన్న మండలిలో ఛైర్మన్ ఎం.ఎ. షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. ఐదు రోజుల్లో మండలి రద్దు తీర్మానాన్ని అసెంబ్లీ 133-0తో నెగ్గించింది.

మండలి నిజానికి ఏ బిల్లునూ చంపలేదు. రాజ్యాంగం ఇచ్చింది మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపే అవకాశం మాత్రమే. ఆ బిల్లులు అదే ఏడాది జూలై 31న గవర్నర్ సంతకంతో చట్టాలయ్యాయి. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలనూ, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది. ఆ కాస్త ఆలస్యాన్ని సరైన పరిశీలనకు వాడుకుని ఉంటే ఎంత శ్రమ తప్పేదో.

నాలుగు వాదాలు

ఈ అనుభవాన్ని చదివే తీరులో ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది విభజనవాదం. అక్కంపేటలో పుట్టి కాకతీయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన కొత్తపల్లి జయశంకర్ దీనికి స్పష్టమైన రూపం ఇచ్చారు. శాశ్వత మెజారిటీ ఉన్న సభలో ఇచ్చిన ఏ హామీనైనా ఆ మెజారిటీయే మింగేస్తుంది, కాబట్టి సొంత సభ తప్ప మందు లేదన్నది దీని సారం. 1956 నుంచి 1973 దాకా జరిగింది ఈ వాదానికి గట్టి సాక్ష్యం.

రెండోది సమైక్యవాదం. రక్షణలు విఫలం కాలేదు, అమలు చేయలేదు అంతే, అమలు చేయించే మార్గం వెతకాలి గానీ విడిపోవడం ఏమిటని అడుగుతుంది. దీని బలమంతా 371-డిలో ఉంది. దాన్ని రాష్ట్ర మెజారిటీ కదిలించలేకపోయింది.

మూడోది మధ్యేమార్గం. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరు 30 నివేదికలో ఆరు ప్రత్యామ్నాయాలు పెట్టింది. రాష్ట్రాన్ని కలిపి ఉంచి, చట్టబద్ధమైన అధికారాలతో తెలంగాణ ప్రాంతీయ మండలి ఏర్పాటు చేయడం దాని మొదటి ఎంపిక. అంటే 1973లో ఎత్తేసినదాన్ని మరింత బలంగా మళ్లీ కట్టమంది. కమిటీ ఆలోచన తప్పు కాదు, 37 ఏళ్లు ఆలస్యమైంది. ఒకసారి కూల్చినదాన్ని మళ్లీ కట్టిస్తామంటే తెలంగాణలో నమ్మేవారు లేరు.

నాలుగోది అంబేడ్కర్ దారి. రాజకీయ మెజారిటీ ఎన్నికతో ఎన్నికకు మారుతుంది, సామాజిక మెజారిటీ పుట్టుకతో వస్తుంది కాబట్టి మారదని భాషా రాష్ట్రాలపై 1955లో రాసిన పుస్తకంలో ఆయన వాదించారు. బహుసభ్య నియోజకవర్గాలను, ఓట్లను కూడగట్టి ఒక్కరికే వేసే పద్ధతిని సూచించారు. రాష్ట్రాన్ని ఎంత చిన్నది చేసినా లోపల ఇంకో మైనారిటీ మిగులుతుందని ఈ దారి గుర్తుచేస్తుంది. మిగతా మూడు వాదాలూ ప్రాంతం దగ్గరే ఆగిపోయాయి.

వీటిని పక్కపక్కన పెడితే అసలు తేడా తీర్పరి దగ్గర కనిపిస్తుంది. విభజనవాదానికి తీర్పరి అక్కర్లేదు, సొంత సభ చాలు. సమైక్యవాదం రాజ్యాంగాన్నీ కోర్టునూ నమ్ముతుంది. మధ్యేమార్గం ఒక సంస్థను నమ్ముతుంది. అంబేడ్కర్ సభ ఎన్నికయ్యే పద్ధతినే మార్చమంటారు.

బయటి దేశాల అనుభవం ఎవరికీ పూర్తిగా అనుకూలం కాదు. అమెరికా సెనేట్‌లో చర్చ ముగించడానికి వందలో 60 ఓట్లు కావాలి. దాంతో ఎన్నో బిల్లులు మూలన పడతాయి. బెల్జియంలో ప్రత్యేక చట్టాలకు రెండు భాషా వర్గాల్లోనూ మెజారిటీ రావాలి. అక్కడ 2010-11లో 541 రోజులు పూర్తి స్థాయి ప్రభుత్వం లేదు. ఉత్తర ఐర్లండ్‌లో 1998 ఒప్పందం రెండు వర్గాలకూ ఆపే హక్కు ఇచ్చింది. 2017 నుంచి మూడేళ్లు అక్కడి అసెంబ్లీ పడకేసింది. అయినా ఆ మూడు చోట్లా మెజారిటీ పక్షం ఆ నియమాలను విసుక్కుంటూనే మోసింది. మన దగ్గర విసుగొచ్చిన ప్రతిసారీ నియమాన్నే తీసేశాం.

తేలనివి

మొదటి చిక్కు స్పీకర్. పదో షెడ్యూల్ కింద ఫిరాయింపులను తేల్చేది ఆయనే, ఆయన్ను ఎన్నుకునేది మెజారిటీ. 2016లో తెలంగాణలో తెలుగుదేశం శాసనసభాపక్షం టీఆర్ఎస్‌లో కలిసింది. అప్పటి ఆ పక్ష నాయకుడు పాలకుర్తి ఎమ్మెల్యే ఎర్రబెల్లి దయాకర్‌రావు. 2019 జూన్‌లో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది అలాగే కలిశారు. వారిలో భూపాలపల్లి ఎమ్మెల్యే గండ్ర వెంకటరమణారెడ్డి ఒకరు. 2023లో ఉమ్మడి వరంగల్‌లోని 12 సీట్లలో పది కాంగ్రెస్‌కు వెళ్లాయి. బీఆర్ఎస్‌కు మిగిలినవి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. ఘన్‌పూర్‌లో గెలిచిన కడియం శ్రీహరి 2024 మార్చి ముగిసేలోపే కాంగ్రెస్ వైపు వెళ్లారు. ఆయన కూతురు కడియం కావ్య ఆ పార్టీ టికెట్ మీదే వరంగల్ ఎంపీ అయ్యారు. ఉమ్మడి జిల్లా ఓటర్లు పంపిన ప్రతిపక్షం నాలుగు నెలల్లో సగమైంది. ఇలాంటి పది మంది ఎమ్మెల్యేలపై పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఈ అధికారం స్పీకర్ దగ్గర ఉండటం సరైనదేనా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. పార్టీల మధ్య ఇది తేలే సూచన లేదు. అధికారంలో ఉన్న ఏ పార్టీకీ అడగబుద్ధి కాదు.

రెండోది, మరీ చిన్నదైపోయిన ప్రతిపక్షం. పదో వంతు సీట్లు లేకపోతే ప్రతిపక్ష నేత హోదా ఇవ్వనక్కర్లేదన్న ఆనవాయితీ ఎంతవరకు న్యాయం? ఆ హోదా ఇవ్వలేదని సభకే రాకపోవడం ఎంతవరకు న్యాయం? రెండు తప్పుల మధ్య నష్టపోతున్నది బడ్జెట్ మీద జరగాల్సిన చర్చ.

మూడోది పెద్దది. పునర్విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ అసెంబ్లీ సీట్లను 119 నుంచి 153కు పెంచమంది. 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగాలన్న 170వ అధికరణం దానికి అడ్డు. వెంటనే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే జనగణన ఆధారంగా లోక్‌సభ సీట్లు తిరగరాస్తే దక్షిణాది వాటా తగ్గుతుందని 2025 మార్చి 27న తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఒకే తీర్మానంలో అసెంబ్లీ సీట్లు పెంచమన్న కోరిక, లోక్‌సభ వాటా తగ్గించొద్దన్న కోరిక రెండూ ఉన్నాయి.

543 మంది ఉన్న సభలో తెలంగాణవి 17 సీట్లు. ఆ సభలో మన ఎంపీలు ఏ రక్షణ అడగబోతున్నారు? సీట్ల నిష్పత్తి కదలకూడదనా, రాజ్యసభలో రాష్ట్రాలకు సమాన స్థానమా, నిధుల పంపిణీ మీద రాష్ట్రాలకు వీటోయా? ఏది అడిగినా, 1955లో ఫజల్ అలీ సంఘం పెట్టిన మూడింట రెండొంతుల షరతును మనం ఏ మాటలతో సమర్థించామో ఆ మాటలే మళ్లీ వాడాల్సి ఉంటుంది. అలా అడిగే పార్టీలు ముందు హైదరాబాద్‌లో, అమరావతిలో తమ ఎదుటి బెంచీల వాళ్లకు అదే హక్కు రాసివ్వడానికి సిద్ధమో కాదో చెప్పాలి.